బొటనవేలు తల్లిది

ఆవిడ పోయిందని ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను మెట్రోలో ఉన్నాను. మయూర్ విహార్‌లో ఎక్కి నోయిడాలో ఆఫీసుకు వెళుతున్నాను. ఎదురుగా సీటు ఖాళీగా ఉంది, అయినా నిలబడే ఉన్నాను. ఏడేళ్ళుగా నాకు పట్టుకున్న జబ్బు ఇది. ఖాళీ కుర్చీ కనిపిస్తే కాళ్ళు అటు పోవు. ఆవిడ దగ్గర అంటుకున్నదే.

"పొద్దున టీ తాగుదామని అమ్మ కుర్చీలో కూర్చుంది అక్కా. అంతే," అంది ఆ అమ్మాయి.

నాకు ముందు ఏడుపు రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఆవిడ కూర్చోవడమేమిటి అనుకున్నాను. నేనెరిగిన ఏడేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా కుర్చీలో కూర్చోగా చూడలేదు.

ఆవిడ పేరు నాకు తెలియదు. నా ఫోన్‌లో 'ఆర్.కె. పురం ఆంటీ' అని ఉంది. ఢిల్లీలో ఇదొక సౌకర్యం. ఆంటీ అంటే చాలు, పేరు అడగకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. ఊరు కూడా నేను అడగలేదు. నోరు తెరిస్తే అనంతపురమని తెలిసిపోయేది.

మేము కలిసింది ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో, పిల్లల కీళ్ళ జబ్బులు చూసే గది ముందున్న వరండాలో. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. పొద్దున లేవగానే కుడికాలు నేల మీద పెట్టలేకపోయేది, పదయ్యేసరికి మామూలుగా తిరిగేది. బడి ఎగ్గొట్టడానికి నాటకాలాడుతోందని రెండు నెలల పాటు దాన్ని తిట్టింది నేనే. చీలమండ వాచి బూటులోకి పాదం దూరనప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. పిల్లలకు కీళ్ళవాతమేమిటని బంధువులందరూ అడిగారు. నేనూ డాక్టర్ని అదే అడిగాను. పిల్లలకూ వస్తుంది, చాలామందికి మందులతో లొంగుతుంది, ముందు చీలమండలోకి ఒక ఇంజెక్షన్ ఇద్దాం అన్నాడాయన.

ఆంటీ సన్నటి మనిషి. నేత చీర, చీర కింద తెల్ల బూట్లు, భుజాన గుడ్డసంచి, సంచిలో ఒక స్టీలు డబ్బా. డబ్బాలో మరమరాలుండేవి, ఆవిడ బొరుగులు అనేది. ఓపీ ఉన్న ప్రతి రోజూ తప్పకుండా వచ్చేది. ఎందుకొస్తారని అడిగితే బీపీ మాత్రలకని చెప్పేది. బీపీ మాత్రలిచ్చే కిటికీ వేరే భవనంలో ఉందని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

వచ్చాక ఆవిడ చేసే పని ఒక్కటే. బెంచీల మీద తల్లుల ఒళ్ళో ముడుచుకుని కూర్చున్న పిల్లల్ని లేపి, ఒకరి చొక్కా ఒకరికి పట్టించి, రైలు కట్టి వరండా పొడుగునా నడిపించడం. ఈ చివర ఒక బొరుగుల గుప్పెడు, ఆ చివర ఒక గుప్పెడు. "కూచున్న కీలు బిగుసుకుంటాది" అనేది ఆవిడ సామెత. ఎవరో కట్టిన సామెత కాదు, ఆవిడ సొంతం. కాపలా మనిషి వచ్చి మేడమ్, బైఠ్ జాయియే, కూర్చోండి అని గసిరితే, ఆడా మగా తేడా లేని తన హిందీలో "హమ్ బైఠేగా తో బచ్చా భీ బైఠేగా, ఫిర్ ఉఠేగా నహీ" అని, తను కూర్చుంటే పిల్లలూ కూర్చుంటారు, మళ్ళీ లేవరని జవాబిచ్చి రైలును అతని చుట్టూ తిప్పేది. ఆ మనిషి చివరికి రైలుకు దారివ్వడం అలవాటు చేసుకున్నాడు.

నాకు ఆవిడ మొదట నచ్చలేదు. నాకసలే ముక్కు మీద కోపం. పిల్లకు నొప్పిగా ఉంటే నడిపిస్తుందేమిటీవిడ, డాక్టరా నర్సా అని మండిపడ్డాను. ఆవిడ పట్టించుకోలేదు. ఏ ఊరు పాపా మీది, అని అడిగింది. వాళ్ళ వైపు తమకంటే చిన్న ఆడవాళ్ళందరూ పాపలే. తెనాలి అన్నాను. ఫోన్ నంబరు అడిగింది. తెలుగు మాట విన్న మెత్తదనంలో ఇచ్చేశాను.

ఇంజెక్షన్ ఇచ్చే రోజు వచ్చింది. మా ఇంట్లో 'స్టెరాయిడ్' అనే మాట ఎవరూ పైకి అనలేదు. మా ఆయన 'ఆ మందు' అనేవాడు, నేను 'అది' అనేదాన్ని. ఆస్పత్రి వాళ్ళిచ్చిన కాగితంలో ఆ మందు వల్ల ఏమేం రావచ్చో వివరంగా రాసి ఉంది. ఆఫీసులో ప్రతి కాగితమూ మూడుసార్లు చదివే నేను దాన్ని చదవకుండా సంతకం చేశాను. చదివితే చెయ్యలేనని భయం.

బయటికొస్తే ఆంటీ పట్టుకుంది. ఆవిడ గొంతు తగ్గించే రకం కాదు. వరండా అంతా వినేట్టు ఎడంచెయ్యి ముందుకు చాచి, చిటికెన వేలు మడిచింది.

"స్టెరాయిడు సూది ఏసినాక రెండు దినాలు ఇంగా ఎక్కువ నొస్తాది. అది ఒగటి. వేడిగా వాచి జొరమొస్తే మాత్రం ఆగొద్దు, ఎత్తుకోని పరిగెత్తుకు రా." ఉంగరం వేలు మడిచింది. "మొగం ఎర్రగా అయితాది, నిద్రపోదు, చిరాకు పడతాది. పోతాదిలే అది." నడిమి వేలు. "మందు రవ్వంత బయటికి కారితే తోలు కింద కొవ్వు కరిగి ఆ తావున సొట్ట పడొచ్చు." చూపుడు వేలు. "ఆ తావునే తెల్లమచ్చ రావొచ్చు. ఇంగ ఐదోది..."

ఐదోది నేను వినలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాను. ధైర్యం చెప్పాల్సిన వేళ ఈ అపశకునాల జాబితా ఏమిటని ఒళ్ళు మండిపోయింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ అక్కడే నిలబడి ఉంది. నాలుగు వేళ్ళు మడిచే ఉన్నాయి, బొటనవేలు మాత్రం నిలబడి ఉంది.

అంతా ఆవిడ చెప్పినట్టే జరిగింది. రెండు రోజులు పిల్ల కాలు ముట్టుకోనివ్వలేదు. రెండో రోజు పొద్దున బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. నేను బెదిరిపోయి కూర్చుంటే ఫోన్ మోగింది.

"మొగం ఎర్రబడిందా?"

"పడింది ఆంటీ."

"మంచిది," అంది, పిల్ల పరీక్ష ప్యాసయిందని విన్నట్టుగా, ఫోన్ పెట్టేసింది.

వారం తిరిగేసరికి మా అమ్మాయి లిఫ్టు కోసం పరుగెత్తింది. నేను వెనకాల నిలబడి ఏడ్చాను. ఆ సంగతి ఆవిడకు ఫోన్ చేసి చెప్పాలనిపించింది, చెప్పలేదు. కృతజ్ఞత చెప్పుకోవడంలో నేను కొంచెం పిసినారిని.

మూడో నెలలో స్నానం చేయిస్తుంటే కనిపించింది. చీలమండ ఎముక కింద బఠాణీ గింజ పట్టేంత సొట్ట, దాని చుట్టూ రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ. చెప్పగా వినడం వేరు, సొంత పిల్ల కాలి మీద చూడడం వేరు. నాకు వెంటనే మా పిన్ని గుర్తొచ్చింది. పిన్నికి బొల్లి. మా ఇళ్ళలో ఏ శుభకార్యానికైనా ఆవిడ ముందు వరసలోకి వచ్చేది కాదు, రమ్మని ఎవరూ అనేవారు కాదు. చిన్నప్పుడు ఆవిడ తాగిన గ్లాసు పక్కన పెట్టడం నేను కళ్ళారా చూశాను. నేనే ఒకటి రెండు సార్లు పెట్టాను. ఆ పాపం తిరిగి వచ్చిందనుకున్నాను.

డాక్టర్ని అడగలేదు, బొల్లి అనేస్తాడేమోనని. మా అపార్టుమెంట్లలోని తెలుగువాళ్ళ గ్రూపులో, మా స్నేహితురాలి పాపకని అబద్ధం రాసి అడిగాను. క్షణాల్లో వైద్యం వచ్చింది. బావంచాల నూనె, రోజూ రాసి ఎండలో కూర్చోబెట్టాలి, ఎన్నో మచ్చలు మాయమయ్యాయి. తెప్పించాను. చలికాలపు ఎండ మా బాల్కనీలో పొద్దున గంటసేపు ఉంటుంది. మా ఆయన ఆఫీసుకు వెళ్ళాక, నూనె రాసి, పిల్ల కాలు ఎండలో పెట్టించేదాన్ని. అదో చేదు వాసన, చేతులు కడిగినా పోదు. మండుతోంది మమ్మీ అంది పిల్ల. మందన్నాక మండదా అన్నాను. మరో రెండు రోజులకు మచ్చ చుట్టూ ఎర్రబడింది. పనిచేస్తోందని సంతోషించాను కూడా. తొమ్మిదో రోజు బొబ్బలు లేచాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఇక్కడ కాలింది నా చేతులు కాదు. నూనె సీసా చెత్తబుట్టలో పారేసి, ఇంటిల్లిపాదికీ ఆ ఇంజెక్షన్ వల్లే ఇలా అయిందని చెప్పాను. పిల్లకూ అదే చెప్పాను. ఏడేళ్ళ పిల్ల, నా మొహంలోకి చూసి తలూపింది.

సరిగ్గా అప్పుడే ఎడమ మోకాలు వాచింది. కాలు పూర్తిగా చాపలేకపోయింది, వంచిన మోకాలు వంచినట్టే పెట్టుకుని కుంటుతూ నడిచేది. ఆస్పత్రిలో డాక్టరు మోకాలు చూసి, దీనికీ ఇంజెక్షన్ కావాలి, ఆలస్యం చేస్తే ఇలాగే బిగుసుకుపోతుంది అన్నాడు. తర్వాత చీలమండ మీది బొబ్బల్ని చూశాడు. ఏమయిందన్నాడు. ఇంజెక్షన్ తర్వాతే ఇలా వచ్చిందన్నాను. ఆయన నుదురు ముడిచి, కాగితం మీద అడ్డంగా ఒక వరస రాశాడు. మందు ఇంతగా పడకపోతే మళ్ళీ ఇవ్వడం కుదరదు, ముందు చర్మం డాక్టర్లు చూడాలి, అంతదాకా ఇంజెక్షన్ ఆపుదామన్నాడు. చర్మం డాక్టర్ల తేదీ అంటే ఆ ఆస్పత్రిలో ఎన్ని నెలలకో. నిజం చెప్పాలంటే, బయటికి వస్తున్నప్పుడు నా గుండె తేలికగా ఉంది. సూది తప్పింది, నా తప్పూ బయటపడలేదు.

వరండాలో రైలు తిరుగుతోంది. ఆంటీ మా అమ్మాయిని చూసి రైలు ఆపింది. దాని ముందు గొంతుక్కూర్చుని చీలమండ చూసింది. బొబ్బల పక్కన మిగిలిన జిడ్డును వేలితో తాకి వాసన చూసింది. లేచి, పిల్లలకు డబ్బా ఇచ్చి, నన్ను మెట్ల దగ్గరకు తీసుకుపోయింది.

"బావంచాలు," అంది. అడిగినట్టు లేదు.

డాక్టరుకు చెప్పావా అంది. ఇంజెక్షన్ ఆపారు ఆంటీ అని మాత్రం అన్నాను. ఆ గొంతులో ఉన్న ఊరట ఆవిడకు వినిపించే ఉంటుంది. ఆవిడ చెయ్యి చాచింది. ఈసారి నాలుగు వేళ్ళూ ఒక్కసారే మడిచి, బొటనవేలు నిలబెట్టింది.

"ఆ పొద్దు నువ్వు ఇనకుండా పోయినావు. ఇది తల్లిది. మందు బిడ్డ కీల్లోకి పోతాది, భయం మనకెక్కుతాది. ఎక్కినాక మనం ఊరికే ఉండం పాపా. సూదన్నా వద్దంటాం, ఏదో ఒగటన్నా పూస్తాం. మచ్చ దానంతటదే పోయేదానికి ఏడాదో రెండేండ్లో పడతాది, అంతవరకు మనకు ఓపిక యాడిది?"

తర్వాత ఆవిడ తన కూతురి సంగతి చెప్పింది. ఆ అమ్మాయికి పద్నాలుగేళ్ళప్పుడు మోకాల్లోకి ఇదే ఇంజెక్షన్ ఇస్తామన్నారట. మచ్చ పడుతుంది, సొట్ట పడుతుందని ఎవరో చెప్పారట. వద్దని రాసిచ్చి పిల్లను ఇంటికి తెచ్చేసుకుందట. మోకాలు వంగి బిగుసుకుపోయింది. వాచిన వైపు కాలు రెండోదానికంటే పొట్టిగా ఉండిపోయింది. ఆ అమ్మాయిని నేనొకసారి చూశాను, తల్లిని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు. ఒక బూటు అడుగు మందంగా ఉంటుంది.

"భయపడింది నేను. కుంటుతాండేది అది," అంది ఆంటీ. "పో. లోపలికి పోయి చెప్పు. నువ్వు చెప్పకుంటే ఆయప్ప సూది ఇంగ ఏయడు."

ఎన్ని అడుగులో లేవు, మెట్ల నుంచి ఆ గది దాకా. నా పిల్ల మళ్ళీ రైలు చివర ఎవరి చొక్కానో పట్టుకుని, వంగిన కాలితో ఎగుడుదిగుడుగా నడుస్తోంది. దాన్ని చూస్తూ లోపలికి పోయాను. డాక్టరుకు చెప్పాను, నూనె, ఎండ, గ్రూపు, అన్నీ. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కలం తీసుకుని తను రాసిన వరస కొట్టేసి, కాలు మానగానే మూడు వారాల్లో తీసుకురమ్మన్నాడు, అంతే. బొల్లి కాదు, మందు వల్ల వచ్చిన మచ్చ, ఊరుకుంటే పోయేది అని మాత్రం అన్నాడు.

మోకాలికి ఇంజెక్షన్ ఇచ్చారు. మోకాలు తిన్నగా అయింది. ఆ తర్వాత కూడా మందులు, వాపులు, పరీక్షలు ఎన్నో గడిచాయి గానీ పిల్ల ఈరోజు బ్యాడ్మింటన్ ఆడుతుందంటే నెలలు ఆగకుండా మూడు వారాలకే ఆ సూది పడడం వల్లేనని నేను నమ్ముతాను. చీలమండ మీద తెల్లమచ్చ రెండేళ్ళలో రంగు తిరిగింది, సొట్ట సగం పూడింది. బొబ్బలు లేచిన చోట నల్లటి మరక మాత్రం అలాగే ఉండిపోయింది. మందు పెట్టిన మచ్చ పోయింది, నేను పెట్టిన మచ్చ ఉంది. ఇంట్లో మాత్రం అది ఇంజెక్షన్ మచ్చే. డాక్టరుకు చెప్పగలిగిన దాన్ని మొగుడికీ పిల్లకూ చెప్పలేకపోయాను. ఆంటీ నన్ను ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఫోన్ వచ్చిన తర్వాతి ఆదివారం ఆర్.కె. పురం వెళ్ళాను. అమ్మాయి తనూ వస్తానంది. దానికిప్పుడు పద్నాలుగేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో ఇస్తుంది. ఆంటీ కూతురు సర్కారు ఉద్యోగి, ఆ క్వార్టరు తనదే. గుమ్మం పక్కన తెల్లబూట్లు జతగా పెట్టి ఉన్నాయి. లోపల ఒక కుర్చీ గోడవైపు తిప్పి ఉంది. అదే కుర్చీ అయి ఉంటుందనుకున్నాను, అడగలేదు.

నేనేదో ఓదార్పు మాటలాడబోయాను. మా అమ్మాయి కాలు తిన్నగా ఉందంటే మీ అమ్మగారి చలవే, ఆవిడ తన తప్పు దాచుకోకుండా చెప్పబట్టే, అన్నాను. ఆ అమ్మాయి నవ్వినట్టు మొహం పెట్టి, నేల చూసింది.

"మీకూ అదే చెప్పిందా, ఇంజెక్షన్ తనే వద్దనిందని? అందరికీ అదే చెప్పేది. అది నిజం కాదక్కా. వద్దనింది నేను. మచ్చ పడుతుందని ఎవరో అంటుంటే విన్నా. బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నా, మూడు రోజులు అన్నం తినలేదు. అమ్మ పోయి, తనకే ఇష్టం లేదని రాసి సంతకం పెట్టొచ్చింది. నాన్న తిట్టినాడు, ఊళ్ళో అవ్వా తాతా తిట్టినారు. ఒక్క మాట మాట్లాడలా. నేనూ నోరిప్పలా. ఇంగ ఇప్పుడు నా తప్పని చెప్పుకునేదానికి అమ్మ లేదు, అందుకని మీకు చెబుతున్నా."

ఏడేళ్ళు నేను ఆవిడను తన పొరపాటును ధైర్యంగా ఒప్పుకున్న మనిషిగా గౌరవించాను. ఆవిడ ఒప్పుకున్న పొరపాటు ఆవిడది కానే కాదు. కూతురి భయాన్ని తన పేర రాయించుకుని, ఓపీ ఉన్న ప్రతి రోజూ వరండాలో నిలబడి, ముక్కూ మొహం తెలియని వాళ్ళందరికీ అది తనదేనని చెప్పుకుంటూ బతికింది. నేను నా భయాన్ని మందు పేర రాసి, హాయిగా ఇంట్లో కూర్చున్నాను. మా అమ్మాయి పక్కనే ఫోన్ చూసుకుంటోంది, తల ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో మెట్రో దాదాపు ఖాళీగా ఉంది. అది కూర్చుంది, నేను ఎదురుగా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. దాని కాలి మీది మరక చెప్పు పట్టీ పక్కన కనిపిస్తోంది. రెండు స్టేషన్లు పోయాయి. మూడోది రాకముందే చెప్పేశాను.

"ఆ మచ్చ ఇంజెక్షన్ వల్ల వచ్చింది కాదు. నేను నీకో నూనె రాశాను. దానివల్ల కాలింది. నీకు అబద్ధం చెప్పాను."

అది చెవిలోంచి ఒక ఇయర్‌ఫోన్ తీసింది.

"పతా హై, మమ్మీ. ఉస్ తేల్ కీ స్మెల్ యాద్ హై ముఝే."

తెలుసట. ఆ నూనె వాసన గుర్తుందట. మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదన్నాను.

"ఆప్ డర్ జాతీ," అంది. అడిగితే నేను భయపడిపోతానని అడగలేదు.

ఏడేళ్ళ వయసు నుంచి అది నన్ను కాపాడుకుంటూ వస్తోంది. నేను కడ్డీని గట్టిగా పట్టుకున్నాను. అది కాస్త పక్కకు జరిగి, ఖాళీ అయిన సీటును అరచేత్తో తట్టింది.

"బైఠో నా."

కూర్చున్నాను.